ఫీజు కట్టని డిగ్రీతో ఎన్ని దారులు: కర్నూలు మెకానికల్ విద్యార్థిని కేస్ స్టడీ

కర్నూలులో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలవగానే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందిది ఒకటే సందేహం. పిల్లకి బొమ్మల మీదో, డిజైన్ మీదో, నాటకం మీదో మనసుంటుంది. ఇంకోపక్క ఫీజు కట్టక్కర్లేని ఇంజనీరింగ్ సీటు అందేలా ఉంటుంది. సీటు తీసుకుంటే ఆ ఇష్టం చచ్చిపోతుందేమో, వదులుకుంటే బతుకు ఏమవుతుందో అని టెన్షన్. అలాంటివాళ్లకి నేను చెప్పే కేసు ఇది. ఈ అమ్మాయికి నేను మెకానికల్ పాఠాలు చెప్పాను, ఫైనలియర్ ప్రాజెక్టుకి గైడ్‌గా ఉన్నాను. తర్వాత కెరీర్ గైడెన్స్‌లోకి వచ్చాక కూడా ఆమె ప్రయాణాన్ని దగ్గర్నుంచి చూస్తూ వచ్చాను. ఆమె చదివి సరేనన్నాకే దీన్ని రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

ఇల్లు

తండ్రి పాతబస్తీలో బోర్డు ఆర్టిస్టు. షాపుల పేర్లు, ఎన్నికల్లో గోడరాతలు, సినిమా హాళ్ల బ్యానర్లు ఆయన బతుకు. 2000 తర్వాత ఫ్లెక్స్ మిషన్లు వచ్చి ఆ పని కొన్నేళ్లలోనే పడిపోయింది. ఎనామిల్ డబ్బాలు అటకెక్కాయి, ఆయన ఇళ్లకు రంగులేసే కూలికి మారాడు. కూతురు మాత్రం అప్పటికే ఆయన పక్కన కూర్చుని సుద్దపొడి రాసిన దారంతో గీత కొట్టడం, చిన్న కాగితం మీది బొమ్మను గళ్లు గీసి గోడంత చేయడం నేర్చేసుకుంది. అక్షరం ఎత్తుకు తగ్గ వెడల్పెంతో కంటితోనే చెప్పేది.

ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఆ తర్వాత ఫైనార్ట్స్ చదువుతానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఆయన నాతో అన్నమాట ఇది: "బొమ్మలేసి నేను చూసినా సార్. ఆ కష్టం నా బిడ్డ చూడగూడదు." ఆ మాటలో తప్పు వెతకలేం. తన కళ్లముందే ఒక వృత్తి కూలిపోయిన మనిషి ఆయన.

2009లో ఎంసెట్ రాసి ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా మెకానికల్ సీటు తెచ్చుకుంది. బీసీ కుటుంబం. ఏడాది ఆదాయం లక్ష రూపాయల లోపే. అప్పటికి అమల్లో ఉన్న ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ట్యూషన్ ఫీజంతా ప్రభుత్వమే భరించింది.

క్లాసులు మొదలైన కొద్దిరోజులకే అక్టోబరు 2న వరద వచ్చింది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డ ఆ వరద సంగతి కర్నూలు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వాళ్లింట్లో కాగితాలన్నీ పోయాయి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, టెన్త్ మార్కుల మెమో, ఏదీ మిగల్లేదు. మీసేవ అప్పటికింకా రాలేదు, అది 2011లో వచ్చింది. తండ్రీ కూతుళ్లు పని మానుకుని, క్లాసులు మానుకుని తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి మళ్లీ తెచ్చుకున్నారు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, స్కాలర్‌షిప్ పోగొట్టుకునేవాళ్లలో నేను చూసినంతలో మార్కులు తక్కువై పోగొట్టుకున్నవాళ్లకంటే కాగితం టైముకి అందక పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

అప్పు లేకపోవడం విలువెంత

స్కాలర్‌షిప్ అనగానే అందరూ ఎంత డబ్బు వచ్చిందో లెక్కేస్తారు. నేను ఎంత అప్పు తప్పిందో లెక్కేస్తాను. అదే డిగ్రీకి ఆ కుటుంబం రెండు లక్షలు బ్యాంకులో తీసుకుని ఉంటే, 11 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 4,350 రూపాయల కిస్తీ పడుతుంది. ఆమె మొదటి జీతం 12,000. అందులో మూడో వంతుకు పైగా కిస్తీకే పోతే బెంగళూరులో గది అద్దె కట్టి మనిషి బతకలేడు. అప్పుడు ఎక్కువ జీతం ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే. అది సాఫ్ట్‌వేరా, కాల్ సెంటరా, ఇష్టమా కాదా అని చూసుకునే వీలుండదు.

2013లో క్యాంపస్‌లో ఆమెకి ఒక ఐటీ కంపెనీ ఆఫర్ వచ్చింది. అదే సమయంలో బెంగళూరులో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ సంస్థ డ్రాఫ్టింగ్ పనికి పిలిచింది. జీతం ఐటీలో వచ్చేదాంట్లో దాదాపు సగం. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. నేను వాళ్లింటికి వెళ్లి తండ్రిని ఒక్కటే అడిగాను, ఈ బిడ్డ మీద ఎవరికైనా బాకీ ఉందా అని. లేదన్నాడు. అయితే రెండేళ్లు ఆమెకి వదిలేయమన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, ఆఖరికి సరేనన్నాడు. ఈ కేసు మొత్తానికి మలుపు అక్కడుందని నా నమ్మకం. 2009లో వచ్చిన స్కాలర్‌షిప్ పూర్తి విలువ తెలిసింది నాలుగేళ్ల తర్వాత ఆ రోజునే.

అలాగని అంతా సాఫీగా సాగలేదు. ట్యూషన్ ఫీజు ప్రభుత్వానిదే అయినా బస్సు ఖర్చు, పుస్తకాలు, డ్రాఫ్టర్, రికార్డులు, పరీక్ష ఫీజు ఇంటి మీదే పడ్డాయి. మెయింటెనెన్స్ కింద వచ్చే మొత్తం చాలా చిన్నది, అదీ ఆలస్యంగా వచ్చేది. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపిన సందర్భం ఒకటుంది. ఆ కొన్ని వారాల్లో ఉద్యోగం చేయి జారిపోతుందేమోనని ఇల్లంతా నలిగిపోయింది.

ఇంకో షరతు కూడా ఉంది. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. తగ్గి డిటెయిన్ అయితే ఏడాది పోతుంది, దాంతోపాటు రీయింబర్స్‌మెంటూ పోతుంది. మధ్యలో ఒక నాటక బృందంతో తిరిగే అవకాశం వచ్చినా ఆమె వెళ్లలేకపోయింది. అప్పట్లో చాలా ఏడ్చింది. కానీ క్లాసులో కూర్చోక తప్పని ఆ పరిస్థితే, మామూలుగా కళాభిరుచి ఉన్న పిల్లలు ఎగ్గొట్టే సబ్జెక్టులన్నీ ఆమెకి నేర్పింది.

చేతికొచ్చినవి

ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ప్రొజెక్షన్లు మొదలుపెట్టగానే క్లాసులో సగం మంది బిక్కమొహం వేస్తారు. ఈ అమ్మాయి వారంలో పట్టేసింది, ఎందుకంటే గళ్లు గీసి గోడకెక్కించే లెక్క ఆమెకి తెలుసు. ఒక వస్తువును పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి చూసి మూడు బొమ్మలుగా గీయడం, ఆ మూడు చూసి ఇంకొకడు వస్తువు తయారుచేయగలగడం ఆమెని కట్టిపడేసింది. తండ్రి పనిలో గీసినవాడే వేసేవాడు కూడా. ఇక్కడ గీసేవాడొకడు, చేసేవాడొకడు. తర్వాత ఆమె చేసిన పనులన్నీ ఈ ఒక్క విషయం మీద నిలబడ్డాయి. వెల్డరుకి, కార్పెంటరుకి, ఎలక్ట్రీషియనుకి అర్థమయ్యే కొలతలతో కాగితం ఇవ్వగల ఆర్టిస్టులు తక్కువ.

వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్, కార్పెంటరీ, టిన్‌స్మితీ, హౌస్ వైరింగ్ చేసింది. సెకండియర్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, థర్డియర్‌లో మెకానిజమ్స్. క్యామ్ అంటే తిరుగుతూ తన అంచుకి ఆనిన కడ్డీని పైకీ కిందికీ కదిపే వంకర చక్రం, ఆ కడ్డీ పేరు ఫాలోయర్. థర్డియర్‌లో క్యామ్ ప్రొఫైళ్లు గీయించేటప్పుడు డ్వెల్ అని చెప్తాం, అంటే క్యామ్ తిరుగుతూనే ఉన్నా దాని మీది ఫాలోయర్ కాసేపు కదలకుండా ఆగి ఉండే భాగం. పిల్లలు దాన్ని మార్కుల కోసం గీస్తారు. ఆమె మాత్రం, "సార్, దీంతో బొమ్మ చేత నమస్కారం పెట్టించి, కాసేపు ఆపి, చేయి దించవచ్చు కదా" అంది. ఆ మాట విన్నాకే ప్రాజెక్టుకి నా దగ్గరికి రమ్మని పిలిచాను.

చేసిన పనులు

ఫ్యాబ్రికేషన్ సంస్థలో మూడేళ్లు పనిచేసింది. షీట్ మెటల్ డ్రాయింగులు, తర్వాత ఎగ్జిబిషన్ స్టాళ్లు. మూడు మీటర్ల చదరంలో స్టాల్, ఒక్క రాత్రిలో నిలబెట్టాలి, మూడో రోజు విప్పి లారీకెక్కించాలి. అందంగా ఉంటే చాలదు, బోల్టు ఎక్కడుందో చీకట్లో కూడా చేతికి తెలియాలి. ఈ మూడేళ్లు లేకుండా నేరుగా సొంతంగా మొదలుపెట్టి ఉంటే నిలబడేది కాదని ఆమే అంటుంది.

2016లో ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టింది. మొదట దొరికింది నాటక రంగం. తెలుగు నాటకంలో యంత్రాల చమత్కారం మన సీమకి కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటకాల పేరు చెప్పగానే గాల్లో తేలే పాత్రలు, క్షణంలో మారే తెరలు గుర్తొస్తాయి. అక్కడ తాళ్లు, కప్పీలు, బరువుల తూకం తరతరాలుగా చేతి అనుభవంతో వచ్చిన విద్య. ఆమె పనిచేసిన బృందానికి ఆ వారసత్వం లేదు, డబ్బూ లేదు. నలభై కిలోల తెరను ఒక్కడు లాగేలా చేయమన్నారు. కప్పీకి అటువైపు దాదాపు అంతే బరువు వేలాడదీస్తే లాగేవాడికి రాపిడి మందం శ్రమే మిగులుతుందని అందరికీ తెలుసు. ఆ బరువంతా ఇప్పుడు పైనున్న పైపు మీద రెట్టింపై పడుతుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆమె పైపు సైజు మార్పించింది, బరువు జారినా కింద మనిషి మీద పడకుండా గైడ్ పెట్టించింది. స్టేజీ మీద నాటకం చూసినవాళ్లకి ఇదేమీ కనపడదు.

నాకు బాగా నచ్చిన పని ఆ తర్వాతిది. ఒక ప్రదర్శనశాలకి తోలుబొమ్మల గది చేసే పని వచ్చింది. బొమ్మలు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి తెచ్చినవి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరది. మేకతోలును పలచగా గీకి, రంధ్రాలు కొట్టి, రంగులద్దే బొమ్మలివి. వెలుతురు వెనకనుంచి వస్తేనే వాటికి ప్రాణం. పాతరోజుల్లో ఆముదపు దీపాలు పెట్టేవారు. ప్రదర్శనశాల వాళ్లు ముందుగా హాలోజెన్ లైట్లు దగ్గరగా బిగించారు, వేడికి తోలు అంచులు ముడుచుకుపోవడం మొదలైంది. ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు పెడితే వేడి తగ్గింది కానీ ఒక్కో బొమ్మకి నాలుగైదు నీడలు పడ్డాయి, ఎరుపు రంగు మట్టికొట్టుకుపోయినట్టు కనిపించింది.

ఆమె బొమ్మలను రెండు రకాలుగా విడదీసింది. రంగు చూపించాల్సినవి తెరకి ఆనించి, వెనక పాలరంగు షీటు మీద సమంగా పరుచుకునే వెలుతురు పెట్టింది, కలర్ రెండరింగ్ ఇండెక్స్ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత, గరిష్ఠం 100) 90 దాటిన ఎల్‌ఈడీలతో. నీడ చూపించాల్సినవాటికి ఒక్కటే చిన్న లైటు. లైటు నుంచి బొమ్మ మూడడుగులు, తెర ఆరడుగులు ఉంటే నీడ రెట్టింపవుతుంది. బొమ్మను లైటు దగ్గరికి జరిపినకొద్దీ నీడ పెరుగుతుంది. లైటు చిన్నదైతే అంచు పదునుగా ఉంటుంది, పెద్దదైతే మసకబారుతుంది. పిల్లలే బొమ్మను పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిపి హనుమంతుణ్ణి పెంచి తగ్గించేలా చేసింది. ఇందులో ఉన్నది ఎనిమిదో తరగతి సైన్సే. కానీ తోలు ఎంత వేడి తట్టుకుంటుందో చూసి, పట్టాలు గీసి, వైరింగ్ చేయించి, బొమ్మ చేసిన కళాకారుల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లు అవునన్నాకే లైటు వెలిగించిన తీరు చూస్తే ఆమె మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మూడోది కె.సి. (కర్నూలు-కడప) కాలువ మోడల్, ఒక స్కూలు కోసం చేసింది. 19వ శతాబ్దంలో సాగుకీ పడవల రాకపోకలకీ కలిపి తవ్విన కాలువ అది. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి లాకుల్లో ఎలా ఎక్కుతుందో పిల్లలు చేతిపిడి తిప్పి చూడాలి. తలుపు తెరుచుకోవాలి, పడవ దాటేదాకా ఆగాలి, మూసుకోవాలి. అది థర్డియర్‌లో గీసిన క్యామే, అదే డ్వెల్. పిల్లలు పిడిని ఉల్టా తిప్పుతారు, ఇద్దరు కలిసి వేలాడతారు. అందుకని మితిమీరిన బలం పడితే లోపల జారిపోయే క్లచ్ ఒకటి పెట్టింది. మోడల్ ఇంకా పనిచేస్తోంది.

వీటి మధ్యలో పిల్లల కోసం విప్పితే లేచి నిలబడే కాగితపు పుస్తకాలు, ఆళ్లగడ్డ శిల్పుల రాతి పనికి ఎగుమతిలో పగలకుండా చెక్కపెట్టెల డిజైన్, ఒక షార్ట్ ఫిల్మ్‌కి ఆర్ట్ డైరెక్షన్ చేసింది. ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) చదువుదామని ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ ప్రవేశ పరీక్ష రాసి, పాసై, ఇంటర్వ్యూలో సీటు తెచ్చుకోలేకపోయింది. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, మళ్లీ రాయలేదు.

2020లో కరోనాతో స్టాళ్లు, నాటకాలు, ప్రదర్శనలు ఒక్క వారంలో ఆగిపోయాయి. అప్పటికి రెండు పెద్ద పనులకి డబ్బు రావాల్సి ఉంది, ఒకటి ఇప్పటికీ రాలేదు. కర్నూలు తిరిగొచ్చేసింది. అప్పుడు నిలబెట్టింది కూడా డ్రాయింగే. పాఠ్యపుస్తకాలకి సాంకేతిక బొమ్మలు, చిన్న వర్క్‌షాపులకి క్యాడ్ డ్రాయింగులు వేసి ఇల్లు నడిపింది. ఆర్టు ఆగినప్పుడు ఇంజనీరింగ్ తిండి పెట్టడం చూశాక తండ్రి ఆమె పని గురించి మాట్లాడే తీరు మారింది. ఇప్పుడు ఆమె చేసే బోర్డుల మీద తెలుగు అక్షరాలు ఆయనే రాస్తున్నాడు, దానికి విడిగా కూలి తీసుకుంటాడు.

స్కాలర్‌షిప్‌కి ఎంత దక్కాలి

తల్లిదండ్రులు తరచూ పెద్దవాళ్ల పేర్లు ఎత్తుతారు. దత్తమండలాల (నేటి రాయలసీమ ప్రాంతం) కోసం 1946లో గిండీలో మొదలై 1948లో అనంతపురం వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీనే నేటి జేఎన్‌టీయూ అనంతపురానికి మూలం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగ్‌లో చేరింది ఆ కాలేజీలోనే, టైఫాయిడ్ వచ్చి మానేశారు. ఆయన జీవితంలో ఇంజనీరింగ్ పక్కకి తప్పుకుని పాటకి దారిచ్చింది. గాలికి కదిలే శిల్పాలు చేసిన అలెగ్జాండర్ కాల్డర్ సంగతి వేరు. 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన ఆయన శిల్పాల్లో ఆ తూకం, ఆ కదలిక చివరిదాకా ఉన్నాయి. ఈ కేసు రెండో రకం. ఆమె ఇంజనీరింగ్ వదిలేసి కళలోకి రాలేదు, దాన్ని వెంటబెట్టుకునే వచ్చింది.

అయినా మొత్తం ఘనత స్కాలర్‌షిప్‌కి ఇవ్వను. అదే బ్యాచ్‌లో అదే రీయింబర్స్‌మెంట్‌తో చదివినవాళ్లు ఎక్కువమంది ఐటీలోకి వెళ్లారు, బాగున్నారు. వాళ్లదీ మంచి దారే. ఈమెకి తండ్రి నేర్పిన చేతిపని ముందే ఉంది. స్కాలర్‌షిప్ దానికి ఒక సాంకేతిక భాష నేర్చుకునే నాలుగేళ్లనీ, అప్పు లేకుండా బయటపడే వీలునీ ఇచ్చింది. ఆ రెండూ కలవబట్టే పని ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకి దక్కింది.

ఇప్పుడు వచ్చే పిల్లలకి దారులు ఇంకా ఉన్నాయి. ఇంటర్ తర్వాతే డిజైన్ చదవాలనుకుంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. కడపలో 2020 నుంచి ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ యూనివర్సిటీ ఉంది. కర్నూలులోనే 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డిజైన్, మాన్యుఫాక్చరింగ్ పేరుతోనే నడుస్తోంది. ఆడపిల్లలకి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ గురించి నేను గట్టిగా చెప్తాను. డిప్లొమాకీ డిగ్రీకీ కూడా ఇస్తారు, ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా అర్హులు. కానీ దీన్ని ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కలిపి తీసుకోకూడదు. కాబట్టి ముందే కూర్చుని లెక్క వేసుకోవాలి. ఫీజు చాలా తక్కువుండే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరిన అమ్మాయికి ప్రగతి డబ్బులో చాలాభాగం హాస్టలుకి, ల్యాప్‌టాప్‌కి, పనిముట్లకి మిగులుతుంది. ఫీజు ఎక్కువున్న ప్రైవేటు కాలేజీలో రీయింబర్స్‌మెంటే నయం కావచ్చు. పదిహేనేళ్ల పిల్ల చేతికి సొంత పనిముట్లు కొనుక్కునే డబ్బు రావడం చిన్న విషయం కాదు.

ఇంకా తేలని విషయాలూ ఉన్నాయి. ఆమె ఆదాయం ఒక నెల లక్ష దాటుతుంది, తర్వాత మూడు నెలలు ఏమీ ఉండదు. పీఎఫ్ లేదు, ఆరోగ్య బీమా ఈమధ్యే తీసుకుంది. ఇప్పుడు పనికి ముందే సగం అడ్వాన్స్, డిజైన్ ఫీజు వేరు, ఫ్యాబ్రికేషన్ ఖర్చు వేరు అని రాతపూర్వకంగా పెట్టుకుంటోంది. ఖాతాలు వేరుచేసి, పని వచ్చిన నెలలో తన జీతమంటూ ఒక మొత్తమే తీసుకుని మిగతాది పని లేని నెలలకి ఉంచుతోంది. ఈ ఏడాది లెక్కలు మార్చిలో ఇద్దరం కూర్చుని చూడాలి. ఒక మనిషిని జీతానికి పెట్టుకోగలదా లేదా అన్నది అప్పుడు తేలుతుంది.